విషయం: ఇంటి కంప్యూటరుకు మెమరీ పెంపు

జూన్ 3

చిరంజీవి బావమరిదికి,

మీ బావ ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ అక్కా క్షేమం. కంప్యూటరు మాత్రం క్షేమంగా లేదు. ఈ ఉత్తరం దాని గురించే.

ఇంత చిన్న విషయానికి ఉత్తరమా, ఫోను చేస్తే పోయేదిగా, మెయిలు పెడితే పోయేదిగా అంటావు. ఫోనులో మాట్లాడింది ఫైల్లో పెట్టలేం. మెయిలుకి సంతకం ఉండదు. రికార్డు రూములో ముప్ఫై మూడేళ్ళు పనిచేసి సూపరింటెండెంటుగా దిగినవాణ్ణి, సంతకం లేనిదాన్ని నేను కాగితం కింద లెక్కవేయను.

నేను రిటైరయ్యాక నువ్వు బిగించి పంపిన ఆ డబ్బా ఆరు నెలలుగా నత్తనడక నడుస్తోంది. 'అ' నొక్కి, వంటింట్లోకి వెళ్ళి టీ తాగి వచ్చేసరికి 'అ' వస్తుంది. నేను రాస్తున్న పుస్తకం, 'రికార్డు రూములో ముప్ఫై మూడేళ్ళు', నాలుగో పేజీ దగ్గర ఆగిపోయింది. ఈ వరసన అది పూర్తికావడానికి ఇంకో ముప్ఫై మూడేళ్ళు పడుతుంది.

కింది వాటాలో ఉండే లెక్కల మాస్టారు చూసి "మెమరీ పెంచాలండీ" అన్నారు. అనగానే పెంచేయడానికి అదేమన్నా మీసమా? మంచీ చెడూ చూడాలి. అందుకని ఒక కమిటీ వేశాను. అధ్యక్షుణ్ణి నేను. సభ్యురాలు మీ అక్క. కంప్యూటర్లు బాగుచేసే షాపు ఉన్నవాడివి కనక నువ్వు ప్రత్యేక ఆహ్వానితుడివి. డబ్బా పంపింది నువ్వే అయినా ప్రస్తుతానికి నీ మీద విచారణ లేదు. కంగారుపడకు.

ఒక పట్టిక కూడా గీశాను. ప్రస్తుత పరిస్థితి, అవసరం ఎవరికి, ఎందుకు, ఇతర మార్గాలు, తీర్మానం అని గడులు. మొదటి గడి నిండింది. మిగతావి నీ అభిప్రాయం వచ్చాక నింపుతాను.

మీ అక్క బాగానే ఉంది. ఈమధ్య కుట్టుమిషను పని తగ్గించింది. మధ్యాహ్నం నేను కునుకు తీసే వేళ ఆ డబ్బా ముందు కూర్చుని ఏవో వంకర గీతలు గీసుకుంటుంది. పోనీలే, కాలక్షేపం అని ఊరుకున్నాను.

లిఖితపూర్వకమైన జవాబు కోసం చూస్తూ,
నీ బావ
విశ్రాంత సూపరింటెండెంటు


జూన్ 9

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం షాపులో నిలబడి చదివి గట్టిగా నవ్వాను. అప్పుడే మౌసు బాగుచేయించుకోడానికి వచ్చిన ఒకావిడ, తన మౌసుని చూసి నవ్వుతున్నాననుకుని అలిగి వెళ్ళిపోయింది. ఆ పాపం మీ ఖాతాలోదే.

పదహారేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను బావగారూ. డబ్బా మూలుగు విని జబ్బు చెప్పగలను. మీకు అర్థమయ్యే భాషలో చెప్తాను. డబ్బాలో రెండు చోట్లు ఉంటాయి. ఒకటి బీరువా, ఫైళ్ళు దాచుకునేది. రెండోది బల్ల, ఫైళ్ళు పరిచి పనిచేసుకునేది. మెమరీ అంటే ఆ బల్ల. బల్ల నిండా ఫైళ్ళు పరిస్తే కొత్త ఫైలు పెట్టడానికి చోటుండదు. ఒకటి తీసి లోపల పెట్టి ఇంకోటి తెచ్చి, అది లోపల పెట్టి మళ్ళీ మొదటిది తెచ్చి, మీ డబ్బా చేస్తున్నదదే. మీరు 'అ' నొక్కినప్పుడు అది బీరువా దగ్గర నిలబడి ఉంటుంది.

మార్గాలు రెండు. పరిచిన ఫైళ్ళు కొన్ని మూయడం, లేదా బల్ల పెద్దది చేయడం. మీ డబ్బాలో మెమరీకి రెండు స్లాట్లున్నాయి. ఒకటి ఖాళీగా పెట్టి పంపాను, ముందుచూపు ఉన్నవాణ్ణి కనక. అందులో ఒక ముక్క గుచ్చితే చాలు, పావుగంట పని.

ముందు ఒక సంగతి చెప్పండి. మీ తెర మీద ఒకేసారి ఎన్ని కిటికీలు తెరిచి ఉంటాయి? మీరు అనుమతిస్తే నేను ఇక్కడి నుంచే ఇంటర్నెట్టు ద్వారా మీ డబ్బాలోకి వచ్చి చూసిపెడతాను.

మీ పుస్తకం కోసం లోకం ఎదురుచూస్తోంది. నాలుగో పేజీ దగ్గర లోకాన్ని నిలబెట్టడం న్యాయం కాదు.

అక్కని అడిగానని చెప్పండి.
మీ బావమరిది


జూన్ 16

చిరంజీవి బావమరిదికి,

నీ అభిప్రాయం అందింది. ఇన్‌వర్డు నంబరు వేసి ఫైల్లో పెట్టాను.

కిటికీల లెక్క అడిగావు. మీ అక్కని పక్కన కూర్చోబెట్టుకుని లెక్కపెట్టాను. నేను పైకి చదివాను, ఆవిడ కాగితం మీద గీతలు పెట్టింది. నూట పన్నెండు. రెండేళ్ళ కిందటి వర్ష సూచన, రెండు రైళ్ళ వేళలు (అందులో ఒకటి రద్దయింది), పెన్షను నిబంధనలు మూడు ప్రతులు, మోకాళ్ళ నొప్పికి వ్యాయామం, ఎవరో ఒకాయన తన పిల్లి తప్పిపోయిందని ఇచ్చిన ప్రకటన. ఇలాంటివే మిగతావీ.

మూసేయమంటావని తెలుసు. తెరిచిన ఫైలు పైఅధికారి సంతకం లేకుండా మూయరాదు. ముప్ఫై మూడేళ్ళలో నేను ఒక్క ఫైలు కూడా నా అంతట నేను మూసి ఎరగను. ఇంట్లో నాకు పైఅధికారి లేడు. ("ఉంది" అని మీ అక్క పక్కనుంచి అంటోంది, పట్టించుకోకు.) కరెంటు పోయి వచ్చినా "అన్నీ తిరిగి తెరవమంటారా" అని ఆ డబ్బాయే మర్యాదగా అడుగుతుంది. అవునంటాను. అయినా ఆ పిల్లి దొరికిందో లేదో తేలకుండా దాని కాగితం ఎలా మూస్తాం? మనుషులమేనా మనం?

బల్ల గురించి నువ్వు రాసింది చదివి జాలేసింది. మా ఆఫీసులో బల్ల చాలకపోతే ఫైళ్ళు కుర్చీల మీద పెట్టాం. కుర్చీలు చాలకపోతే నేల మీద పెట్టాం. మేం నిలబడి పనిచేశాం. బల్ల పెద్దది చేయమని ఎవడూ అడగలేదు. ఒకడు అడిగాడు గానీ, వాడి దరఖాస్తు ఆ నేల మీదే ఎక్కడో ఉండాలి.

ఇంటర్నెట్టు ద్వారా డబ్బాలోకి వస్తానన్నావు. రికార్డు రూములోకి బయటివారికి ప్రవేశం లేదు. బావమరిదివైనా సరే.

మొన్న ఆదివారం పొద్దున కమిటీ మొదటి సమావేశం జరిగింది. సభ్యురాలి నుంచి అభ్యంతరం వచ్చింది. ఆ మాటలు మినిట్సులోకి ఎక్కించదగ్గ మర్యాదలో లేవు. అందుకని 'సభ్యురాలు అభ్యంతరం తెలిపారు' అని మాత్రం రాసి, సమావేశం వాయిదా వేశాను. నిదానమే ప్రధానం.

నీ బావ


జూన్ 22

బావగారికి నమస్కారాలు.

నూట పన్నెండు! మా షాపు గోడ మీద ఆ అంకె రాసిపెట్టాను. వచ్చినవాళ్ళంతా ఏమిటని అడుగుతున్నారు. మా బావగారి బల్ల అని చెప్తున్నాను.

అయితే అక్క అడ్డుపడుతోందన్నమాట. నాకు ముందే అనుమానం. చిన్నప్పుడు ఇంట్లోకి మిక్సీ తెస్తామన్నప్పుడూ ఇలాగే చేసింది. ఆవిడకి కుట్టుమిషను తప్ప ఇంకో మిషను మిషనే కాదు. తెలియని విషయంలో తల దూర్చొద్దని తమ్ముడు అన్నాడని గట్టిగా చెప్పండి. అక్క కదా అని నేను మొహమాటపడను. మీ పుస్తకం ముఖ్యం.

ఇక ఈ కమిటీలూ వాయిదాలూ నా వల్ల కాదు. ఆలస్యం అమృతం విషం అన్నారు. మెమరీ ముక్క నేనే పార్సిలు చేస్తున్నాను. నా కానుక అనుకోండి. తగిలించే పద్ధతి రాస్తున్నాను, చూసుకోండి.

డబ్బా ఆపండి. వైరు గోడ నుంచి పీకండి. పక్క రేకు రెండు మరలతో ఉంటుంది, విప్పండి. చేత్తో లోపలి ఇనుప చట్రాన్ని ఒకసారి తాకండి, ఒంట్లో ఉండే కాస్త కరెంటు పోతుంది. పొడుగ్గా రెండు గాడులు కనిపిస్తాయి, స్లాట్లంటే అవే, ఒకదాంట్లో ముక్క ఉంటుంది, రెండోది ఖాళీ. ముక్క అంచున ఒక గాటు ఉంటుంది. గాడిలో ఒక గట్టు ఉంటుంది. గాటు గట్టు మీదికి రావాలి. తిరగేసి పెడితే దిగదు, బలవంతం చేయకండి. రెండు బొటనవేళ్ళతో సమంగా నొక్కితే రెండు చివరలా కొక్కేలు టక్కుమని పడతాయి. అంతే.

ఇది చేయడానికి తీర్మానం అక్కర్లేదు, స్క్రూడ్రైవరు కావాలి.

అక్కని అడిగానని చెప్పండి.
మీ బావమరిది


జూన్ 30

చిరంజీవి బావమరిదికి,

నీ పార్సిలు ఇరవై ఎనిమిదో తారీఖున అందింది. వంటింటి తూకం మిషను మీద తూచాను. అరవై రెండు గ్రాములు. రిజిస్టరులో ఎక్కించి, పెట్టె చుట్టూ కాగితం పట్టీ అతికించి, పట్టీ మీద అడ్డంగా సంతకం చేసి బీరువాలో పెట్టాను.

తెరవలేదా అంటావు. ఎలా తెరుస్తాం? మేము కోరకుండానే వచ్చిన సరుకు ఇది. కమిటీ ఒక నిర్ణయానికి రాకముందే సరుకు వాడేస్తే, ఇక కమిటీ ఎందుకు? ఇల్లు కట్టాక పునాది తవ్వినట్టుంటుంది.

ఇంకో మాట. అనకూడదు గానీ అడగాల్సిన బాధ్యత అధ్యక్షుడి మీద ఉంది. లెక్కల మాస్టారు మెట్ల మీద కనిపించి, "షాపువాళ్ళు ఊరికే ఇచ్చేది సాధారణంగా అమ్ముడుపోనిది అయి ఉంటుందండీ" అన్నారు. ఆయన నిన్ననలేదు, లోకాన్ని అన్నారు. కాబట్టి ఆ ముక్క కొత్తదేనని, వేరే ఎవరి డబ్బాలోంచీ పీకినది కాదని ఒక ధ్రువపత్రం రాసి పంపు. రెండు ప్రతులు. ఫైలు ముందుకు కదులుతుంది.

నువ్వు అనమన్న మాట మీ అక్కకి చదివి వినిపించాను. ఆవిడ కత్తెర తీసుకుని లోపలికి వెళ్ళింది. ఇప్పుడు ఇంట్లో చాలా ప్రశాంతంగా ఉంది.

నీ బావ


జులై 5

బావగారికి,

ధ్రువపత్రమా? మా అక్క మొగుడికి నేను పాత ముక్క అంటగడతానా? పదహారేళ్ళలో ఒక్క కస్టమరు కూడా నన్ను ఆ మాట అడగలేదు. లెక్కల మాస్టారికి నా నమస్కారాలు చెప్పండి. ఆయన డబ్బా పాడైతే మాత్రం నా దగ్గరికి తేవద్దని కూడా చెప్పండి.

మీకు కావాలంటే తగిలించుకోండి. అక్కర్లేకపోతే తిప్పి పంపండి. నేనే తప్పు చేశాను, చెవిటివాడి ముందు శంఖం ఊదాను.

అక్కని అడిగానని చెప్పండి.
బావమరిది


జులై 16

చిరంజీవి బావమరిదికి,

కోపం తగ్గిందా? తగ్గకపోయినా పరవాలేదు, శుభవార్త ఉంది.

ఈ నెల ఏడో తారీఖు పొద్దున ఎప్పటిలాగే 'అ' నొక్కి లేవబోయాను. 'అ' వచ్చేసింది. భయమేసింది. 'ఆ' నొక్కాను. అదీ వచ్చింది! నూట పన్నెండు కిటికీలూ తెరిచే ఉన్నాయి, ఒక్కటీ మూయలేదు, అయినా గుర్రంలా పరిగెడుతోంది. ఆ రోజు నుంచి ఈ రోజు వరకూ ఒక్కసారి కూడా మొండికేయలేదు. నా పుస్తకం పదకొండో పేజీలోకి వచ్చింది. నేను ఉద్యోగంలో చేరిన మొదటి రోజు మధ్యాహ్నం దాకా వచ్చాను.

ఏం జరిగిందో బాగా ఆలోచించాను. ఏమీ జరగలేదు. అదే అసలు కిటుకు. మనం తొందరపడలేదు, అది దారికొచ్చింది. మా ఆఫీసులో సగం సమస్యలు ఇలాగే తీరేవి. దరఖాస్తు పెట్టుకున్నవాడు కొన్నాళ్ళకి రావడం మానేసేవాడు, అంటే వాడి సమస్య తీరినట్టేగా! నీ వయసువాళ్ళకి ఈ ఓర్పు లేదు. మరలు విప్పుదాం, ముక్కలు గుచ్చుదాం అని ఎగురుతారు.

మొన్న రెండో సమావేశం జరిగింది. పట్టిక నింపాను. అవసరం ఎవరికి: ఎవరికీ లేదు. తీర్మానం: మెమరీ పెంపు అనవసరం, వచ్చిన సరుకు పంపినవారికి తిప్పి పంపడమైనది. సభ్యురాలు ఈసారి ఒక్క అభ్యంతరం కూడా చెప్పకుండా సంతకం పెట్టింది. పైగా నవ్వుతూ పెట్టింది. ఇన్నేళ్ళకి నా పద్ధతి ఆవిడకి ఒంటబట్టింది.

పెట్టె ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను. పంపేముందు మళ్ళీ తూచాను. అరవై రెండు గ్రాములు, గ్రాము తేడా లేదు. పట్టీ మీద నా సంతకం చెక్కుచెదరలేదు. నీ సరుకు నేను తాకలేదనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? పాత ముక్క అన్న మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. లెక్కల మాస్టారి మాట ఆయన ఇష్టం.

మీ అక్క ఒకటో తారీఖు నుంచి రోజూ ఎక్కడికో వెళ్ళొస్తానని ఏదో చెప్పబోయింది. రాసి ఇవ్వు చూద్దాం అన్నాను. రాసి ఇచ్చింది. నంబరు వేసి పెట్టాను, తీరిగ్గా చూడాలి.

నీ బావ


(తిరిగి వచ్చిన పెట్టెలో, అట్ట కింద మడిచి పెట్టిన కాగితం)

జులై 15

ఒరేయ్ తమ్ముడూ,

ఈ పెట్టెలో నీ మెమరీ ముక్క లేదు. బట్టల మీద గీతలు గీసే సుద్దముక్క ఉంది. కంగారుపడి మీ బావకి ఫోను చేయకు. ముందు ఇది చదువు.

నీ ముక్క మా డబ్బాలోనే ఉంది. ఈ నెల ఆరో తారీఖు మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే నేనే తగిలించాను. పట్టీకి ఇస్త్రీ పెట్టె ఆవిరి చూపిస్తే సంతకం చెదరకుండా ఊడి వచ్చింది. మరలు కుట్టుమిషను స్క్రూడ్రైవరుతో విప్పాను. పద్ధతంతా నువ్వు రాసిందే, నీ ఉత్తరం ఫైల్లోంచి తీసి పక్కన పెట్టుకున్నాను. గాటు గట్టు మీదికి రావాలి, తిరగేస్తే దిగదు అని అంత వివరంగా రాశావే, చొక్కా చేతిని చంకకి అతికించేది గాటు చూసుకునే కదరా. ముప్ఫై ఏళ్ళుగా రోజూ చేస్తున్నదే. టక్కుమంది. మళ్ళీ డబ్బా ఆన్ చేస్తే "అన్నీ తిరిగి తెరవమంటారా" అంది. అవునన్నాను. నూట పన్నెండూ వచ్చాయి, పిల్లితో సహా.

ఖాళీ పెట్టె తేలిగ్గా ఉంటుందని ఆయన తూకం మిషను మీదే తూచుకుంటూ సుద్ద సరిపెట్టాను. నిన్న తిప్పి పంపాలని తీర్మానం అయ్యాక ఈ కాగితం కూడా పెట్టాలనిపించింది. కాగితం బరువుకి సరిపడా సుద్ద గీరి తీసేశాను.

ఇప్పుడు సంగతి చెప్తాను. నేను గీసేవి వంకర గీతలు కావు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో కటింగ్ మాస్టరు ఉద్యోగం ఖాళీ అయింది. ఒకే చొక్కాకి పన్నెండు సైజుల కొలతలు కంప్యూటరులో గీసి, గుడ్డ వృథా కాకుండా అమర్చి, జులై పదికల్లా పంపినవాళ్ళలోంచి ఎంచుకుంటామన్నారు. ఆ గీసే ప్రోగ్రాము నేనే చూసి చూసి నేర్చుకున్నాను. నాలుగో సైజు దాకా వచ్చేసరికి డబ్బా బిగుసుకుపోయేది. భుజం గీత గీస్తే మెడ గీత పోయేది. మళ్ళీ మొదలు. ఏడుపొచ్చేది. ఆయన కిటికీ ఒక్కటి మూసి చూశాను. రద్దయిన రైలుది. ఆ సాయంత్రమే కనిపెట్టారు. రెండు రోజులు విచారణ జరిగింది.

నీ బల్ల మాట చదివిన రోజే నాకు తెలిసిపోయింది ఏం కావాలో. చిన్న బల్ల మీద పెద్ద గుడ్డ కత్తిరించే కష్టం నాకు నువ్వు చెప్పాలా? మొదటి మీటింగులో నేనన్నది "నా పని ఆగిపోతోంది, ఈ మీటింగులు తగలెట్టి ముందు ఆ ముక్క తెప్పించండి" అని. అది అభ్యంతరమట. నువ్వది చదివి నన్ను తల దూర్చొద్దన్నావు. మిక్సీ వద్దంది నేను కాదు, నువ్వు. శబ్దానికి మంచం కింద దూరేవాడివి.

తొమ్మిదో తారీఖున పన్నెండు సైజులూ పంపాను. పదమూడున కబురొచ్చింది. ఒకటి నుంచి రమ్మన్నారు. నా కింద పదహారు మంది ఉంటారు. ఇది మొదట మీ బావకే చెప్పాను. రాసిమ్మన్నారు. రాసిచ్చాను. ఇప్పుడది ఒక ఫైల్లో నంబరు కింద ఉంది.

ఆయన మీద నాకు కోపం లేదు అనను, ఉంది. నీ మీద ఎక్కువ ఉంది. ఆయన పద్ధతే అంత, పెళ్ళైన మర్నాడే తెలిసింది. నీకేం వచ్చింది? ప్రతి ఉత్తరం చివరా 'అక్కని అడిగానని చెప్పండి' అని రాశావు. ఏం అడిగావురా? ఇద్దరూ కలిసి ఒక డబ్బా గురించి ఇన్ని కాగితాలు రాసుకున్నారు. దాని ముందు రోజూ కూర్చునే మనిషిని ఏం చేస్తున్నావని ఒక్కరూ అడగలేదు.

ఆయనకి చెప్పకు. తన ఓర్పు వల్లే డబ్బా బాగుపడిందని ఎంత సంతోషంగా ఉన్నారో! పొద్దున్నే దాని నెత్తిన చెయ్యి పెట్టి నిమురుతున్నారు కూడా.

ముక్క మాత్రం మంచిది పంపావు. దానికి నా ఆశీస్సులు.

అక్క


జులై 23

బావగారికి నమస్కారాలు.

పెట్టె అందింది. పట్టీ మీద సంతకం చూశాను, చెక్కుచెదరలేదు. లోపల సరుకు సరిగ్గానే ఉంది. నేనే సరిగ్గా లేను.

ధ్రువపత్రం గురించి ఎగిరినందుకు క్షమించండి. మీరు నెగ్గారు, నేను ఓడిపోయాను. కమిటీ తీర్మానం మీద నాకేం అభ్యంతరం లేదు. గోడ మీద రాసిన మీ నూట పన్నెండు తుడిచేశాను. షాపులో రెండు రోజులుగా పని సాగడం లేదు. ఊరికే కూర్చుని మీ ఉత్తరాలూ, నా జవాబుల చిత్తుప్రతులూ తిరగేస్తున్నాను. నేను రాసినవన్నీ తెలివిగా ఉన్నాయి. చదవబుద్ధి కావడం లేదు.

మీకు ఒక్క విన్నపం. ఎప్పటిలాగా అక్కని అడిగానని చెప్పండి అని రాయబోయి కొట్టేశాను, పైన కొట్టివేత కనిపిస్తుంది. నేనడిగానని చెప్పొద్దు. మీరే అడగండి. రాసిమ్మనకుండా, నోటితో, ఏదో ఒకటి అడగండి.

మీ బావమరిది


ఆగస్టు 9

బావమరిదీ,

మూడో సమావేశం జరగలేదు. కోరం లేదు. సభ్యురాలు పొద్దున ఎనిమిదింటికి వెళ్ళి సాయంత్రం వస్తోంది. తీర్మానం మీద సంతకం అయింది గానీ, రెండో సమావేశం మినిట్సు శుభ్రంగా రాసి, వాటి మీద సంతకానికి చూస్తుంటే ఆవిడ ఇంట్లో ఉండదు, ఇంటికొచ్చాక అలసిపోయి ఉంటుంది. ఫైలు పెండింగులో ఉండటం నాకు పడదు. ఎక్కడికి వెళ్తోందో లెక్కల మాస్టారు చెబితే, మొన్న కాగితాలు చంకలో పెట్టుకుని నేనే ఆ యూనిఫారాల కార్ఖానాకి వెళ్ళాను.

రెండో అంతస్తు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఇంత పొడుగు బల్ల నేను ఎక్కడా చూడలేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా గుడ్డ దొంతర పరిచి ఉంది. అటు ఎనిమిది మంది, ఇటు ఎనిమిది మంది మీ అక్క నోటి వంక చూస్తున్నారు. ఆవిడ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, అంచులు సరిచూసి, "ఊఁ" అంది. కోత మిషను కదిలింది. నన్ను చూసి, "అక్కడ స్టూలు మీద కూర్చోండి, ఈ దొంతర అయ్యాక వస్తాను" అంది. కూర్చున్నాను. ఒక అమ్మాయి మంచినీళ్ళు తెచ్చిచ్చి, "మాస్టరుగారికి మీరేమవుతారండీ?" అని అడిగింది. "విశ్రాంత సూపరింటెండెంటుని" అనబోయి, "భర్తని" అన్నాను.

ఎదురుగా గోడ మీద ఒక పెద్ద కాగితం అంటించి ఉంది. దాని నిండా వంకర గీతలు. మా ఇంట్లో చూసిన గీతలే. అవి చొక్కా చేతులు, కాలర్లు, జేబులూనట. నలభై నిమిషాలు ఆ కాగితం వంక చూస్తూ కూర్చున్నాను.

ఆవిడ వచ్చింది. మినిట్సు తీయబోయాను, నీ ఉత్తరం గుర్తొచ్చింది. నోటితో అడిగాను. "ఇవన్నీ మన డబ్బాలోనే గీశావా? అది సరిపోయిందా?" అన్నాను. ఆవిడ నా మొహం వంక చూసి, "జూన్‌లో సరిపోలేదు" అంది. అంతే. పిలిస్తే వెళ్ళిపోయింది. సంతకం పెట్టించుకోకుండానే వచ్చేశాను.

ఇంటికొచ్చి మొదటి సమావేశం ఫైలు తీశాను. ఆ రోజు ఆవిడ ఏమందో నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. గుర్తుండీ రాయలేదు. సిగ్గేసింది. ముప్ఫై మూడేళ్ళు ఒక్క కాగితం పోగొట్టలేదని చెప్పుకునేవాణ్ణి, ఇంట్లో మనిషి మాట పోగొట్టాను. ఇప్పుడు అది మినిట్సులో రాసి, కింద నా సంతకం పెట్టాను. 'అవసరం ఎవరికి' గడిలో 'ఎవరికీ లేదు' కొట్టేసి 'ఆవిడకి' అని రాశాను. ఆవిడ ఒకటో తారీఖు గురించి ఇచ్చిన కాగితం కూడా బయటికి తీసి చదివాను. బాగా రాసింది. ఇంత బాగా రాస్తుందని తెలియదు.

తర్వాత డబ్బా ముందు కూర్చుని కిటికీలు మూశాను. అన్నీ. ఎవరి సంతకమూ లేకుండా. సాయంత్రం దాకా పట్టింది. ఆ పిల్లి ప్రకటన మూయబోతూ కిందికి జరిపితే ఇంకో వాక్యం ఉంది, నేనెప్పుడూ చూడలేదు. పిల్లి దొరికిందట. రెండేళ్ళ కిందటే.

ఇప్పుడు నీతో పని. ఆ మెమరీ ముక్క మళ్ళీ పంపు. ఈ దరఖాస్తుకి నంబరు లేదు, కమిటీ రద్దయింది. ఆదివారాలు ఆవిడ ఇంటి దగ్గర కూడా గీసుకుంటోంది, ఇక ఎన్ని సైజులైనా గీసుకోనీ, ఒక్క గీత కూడా పోకూడదు. ఆవిడకి చెప్పలేదు. వచ్చే ఆదివారం ఆవిడ కూరగాయలకి వెళ్ళినప్పుడు నేనే రేకు విప్పి తగిలిస్తాను. గాటు గట్టు మీదికి రావాలి, బలవంతం చేయకూడదు, రెండు బొటనవేళ్ళతో నొక్కాలి. నీ ఉత్తరం చూసి కంఠతా పట్టాను. ఖాళీగా ఉండేది రెండో గాడి, అదే కదా?

తొందరగా పంపు. ఈసారి తూచను.

నీ బావ